చైన్ మిషన్, టైర్ మిషన్, చైన్ పొడవు: నల్లగొండ, పాలమూరు వరి పొలాలకు కోత యంత్రం ఎంపిక

వరికోత మిషన్ కొనదలచినవారు గానీ, కిరాయికి మాట్లాడుకునేవారు గానీ ముందుగా అడిగేది అది గంటకు ఎన్ని ఎకరాలు కోస్తుందని. పదకొండేళ్లుగా హాలియా, త్రిపురారం పరిసరాల్లో మొదట టైర్ మిషన్‌ను, తరువాత చైన్ మిషన్లను (చక్రాలకు బదులు ఇనుప కడ్డీలు పొదిగిన రబ్బరు పట్టీల మీద నడిచేవాటిని) నడిపించినవాడిగా చెబుతున్నాను, అది రెండవ ప్రశ్న. కోత నాటికి మన మడి ఎంత బరువును మోయగలదన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరికితే టైర్లు చాలునా, చైన్ కావాలా అన్నది తేలిపోతుంది. చైన్ అయితే దాని పొడవు, వెడల్పు ఎంత ఉండాలన్నదీ తేలుతుంది. ఇక మిగిలేది ఆ యంత్రం సీజన్ మధ్యలో మొరాయించకుండా పనిచేస్తుందా అన్న విషయం. అందులో ఇంజన్ కంటే చైన్ లోపలి సామాను పాత్రే ఎక్కువని నా అభిప్రాయం.

ఈ క్రమం నాకు ఒక వానాకాలం కోతలో బోధపడింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నుంచి చీలిన మేజర్ (పెద్ద పిల్లకాలువ) పక్కనే ఉన్న ఎకరంనర మడి అది. ఎన్నులు ఎండి, ఆకు పసుపు తిరిగి, పైమట్టి కూడా పర్రెలు విచ్చి కనిపించడంతో నా టైర్ మిషన్‌ను ధైర్యంగా దించాను. రెండు సాళ్లు బాగానే కోసింది. మూడో సాలులో, వడ్ల ట్యాంకు దాదాపు నిండిన సమయానికి, ముందు కుడి టైరు ఒక్కసారిగా ఇరుసు దాకా దిగబడింది. డ్రైవర్ కంగారుపడి రేస్ పెంచడంతో టైరు ఉన్నచోటే తిరిగి గుంటను ఇంకా లోతు చేసింది. గుంటలోకి ఊరిన నీళ్లను చూశాక గానీ కాలువ జాలు (ఊట నీరు) అడుగున పారుతోందని తెలియలేదు. ట్యాంకులోని వడ్లను బొచ్చెలతో పట్టాల మీదికి దించి, టైరు ముందు పారలతో తవ్వి, వరిగడ్డి, తుమ్మ మొద్దులు కుక్కి, రెండు ట్రాక్టర్లకు ఇనుప తాడు కట్టి లాగేసరికి రాత్రి పది దాటింది. మిగిలిన భాగాన్ని మరునాడు చైన్ మిషన్ పిలిపించి కోయించాను. అది అదే జాలు మీదుగా, నా టైరు చేసిన గుంటకు రెండు గజాల దూరంలో, జానెడు లోతైనా లేని జాడ మాత్రం వదిలి వెళ్లిపోయింది.

దీనిలో మాయ ఏమీ లేదు, చిన్న లెక్క ఉంది. మన ప్రాంతంలో తిరిగే చైన్ మిషన్ ఖాళీగా సుమారు 3 టన్నులు తూగుతుంది. రెండు చైన్లు ఒక్కొక్కటి 45 సెంటీమీటర్ల వెడల్పుతో, 160 సెంటీమీటర్ల పొడవున నేలకు ఆనుకొని ఉంటే, మొత్తం 14,400 చదరపు సెంటీమీటర్ల మీద ఆ బరువు పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 200 గ్రాముల పైచిలుకు మాత్రమే. అదే టైర్ మిషన్ ఏడెనిమిది టన్నులు ఉంటుంది, వడ్లు నిండితే మరో టన్ను కలుస్తుంది, ఆ మొత్తంలో ఎక్కువ భాగాన్ని ముందున్న రెండు పెద్ద టైర్లే మోస్తాయి. ఒక్కో టైరు మీద 3 టన్నుల దాకా పడి, ఆ టైరు నేలకు తగిలే చోటు 2,000 చదరపు సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటే, చదరపు సెంటీమీటరుకు కిలోన్నర అవుతుంది. చైన్ మిషన్‌తో పోలిస్తే ఇది సుమారు ఏడు రెట్లు.

పోలికకు మనిషినే తీసుకోవచ్చు. 60 కిలోల మనిషి రెండు పాదాలూ ఆనించి నిలబడితే చదరపు సెంటీమీటరుకు 150 గ్రాములకు కాస్త పైన పడుతుంది, నడకలో ఒక కాలు ఎత్తినప్పుడు అది 300 దాటుతుంది. అందుకే కోతకు వారం ముందు నేను మడిలోకి ఒట్టి కాళ్లతో దిగి, నాలుగు మూలలా, మధ్యలో, కాలువ వైపు గట్టు వెంట నడిచి చూస్తాను. పాదం ముద్ర మాత్రమే పడితే టైర్ మిషన్ గురించి ఆలోచించవచ్చు. మడమ కూరుకుపోతుంటే టైర్ మిషన్ ఆలోచన మానుకోవాలి. చీలమండ దాటి దిగబడుతుంటే చైన్ మిషన్‌కు కూడా అది పరీక్షే. ఎందుకంటే ఏటేటా దమ్ము చేసిన (నీళ్లు పెట్టి బురదగా దున్నిన) పొలానికి అడుగున ఒక గట్టి పొర ఏర్పడి ఉంటుంది గానీ, ఏడాది పొడవునా జాలు పట్టి ఉండే మడికి ఆ పొర ఉండదు. అక్కడ చైన్ నెమ్మదిగా కిందికి జారుతూ పోయి, చివరకు మిషన్ పొట్ట బురదకు ఆనుతుంది. పొట్ట ఆనిన తరువాత చైన్ ఎంత పొడవైనదైనా తిరగడమే తప్ప ముందుకు కదలదు.

ఇంత చెప్పినంత మాత్రాన టైర్ మిషన్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దాని కత్తి వెడల్పు 14 అడుగులు, చైన్ మిషన్‌ది ఏడడుగులకు కాస్త అటూఇటూ. గంటకు 3 కిలోమీటర్ల వేగంతో పోతూ, మలుపులకు, వడ్లు దించడానికి మూడోవంతు సమయం పోయిందనుకున్నా, టైర్ మిషన్ గంటలో రెండెకరాలు కోస్తే చైన్ మిషన్ ఒక్క ఎకరం కోస్తుంది. టైర్ మిషన్ ఊరి నుంచి ఊరికి తన చక్రాల మీద తానే రోడ్డెక్కి పోతుంది, చైన్ మిషన్‌కు డీసీఎం గానీ, లారీ గానీ కావాలి. పశువులున్న ఇంటికి మరొక లెక్క కూడా ఉంది: మన దగ్గరి చైన్ మిషన్లలో ఎక్కువ వాటిలో పంట పొడవాటి నూర్పిడి డ్రమ్ము చుట్టూ పలుమార్లు తిరిగి బయటికి వస్తుంది కాబట్టి గడ్డి నలిగి ముక్కలవుతుంది, గడ్డిని విదిలించి పంపే టైర్ మిషన్లలో అది కొంత పొడవుగా మిగిలి కట్టలు కట్టడానికి అనువుగా ఉంటుంది. యాసంగిలో నీళ్లు ఆపేసి, ఏప్రిల్ ఎండలకు నేల రాయిలా మారిన పొలంలో చైన్ మిషన్‌కు గంటకు ఎక్కువ కిరాయి ఇచ్చి, రెట్టింపు గంటలు కోయించడం డబ్బు పారేసుకోవడమే అవుతుంది.

రెంటికీ మధ్య నాలుగు చక్రాలూ లాగే టైర్ మిషన్ ఒకటి ఉంది. అది జారుడు నేల మీద బాగా పనిచేస్తుంది, లోతు బురదలో పనిచేయదు. వెనుక చక్రాలు కూడా లాగడం వల్ల పట్టు పెరుగుతుందే తప్ప బరువు తగ్గదు కదా. ఒక వాన పడి పైపొర మాత్రమే తడిసిన ఎర్ర చలకలకు అది మంచి ఎంపిక, సాగర్ కాలువ కింది జాలు మడులకు కాదు.

చైన్ పొడవు

చైన్ మిషన్ కొనాలని నిర్ణయించుకున్నవారు షోరూములో చైన్‌ను చేత్తో తట్టి చూడడం నేను చాలాసార్లు గమనించాను, దాని లోపలి వైపు అచ్చువేసి ఉన్న అంకెలను చదివేవారు మాత్రం అరుదు. ఉదాహరణకు 450×90×51 అని ఉంటే, చైన్ వెడల్పు 450 మిల్లీమీటర్లు, ఒక ఇనుప కడ్డీ నుంచి పక్క కడ్డీకి దూరం 90 మిల్లీమీటర్లు, అలాంటి కడ్డీలు 51 ఉన్నాయని అర్థం. చివరి రెండు అంకెలను గుణిస్తే చైన్ చుట్టుకొలత 4.59 మీటర్లని తేలుతుంది. ఈ చుట్టుకొలతనే పొడవుగా చూపించి అమ్మేవారున్నారు, కానీ మనకు కావలసింది నేలకు ఆనే పొడవు. అది చైన్ లోపల మిషన్ బరువును మోస్తూ తిరిగే రోలర్లలో మొదటిదాని నుంచి చివరిదాని దాకా ఉన్న దూరం మీద ఆధారపడుతుంది. చైన్‌ను తిప్పే పళ్ల చక్రం ఎత్తుగా ఉన్న మిషన్‌లో చుట్టుకొలత ఎక్కువ ఉండి కూడా నేలకు ఆనేది తక్కువే కావచ్చు. టేపు పట్టుకొని ఆ దూరాన్నే కొలవాలి. పాత చైన్ పోయి కొత్తది వేసేటప్పుడు కూడా పొడవును మన ఇష్టానికి మార్చుకోలేము, ఫ్రేము, రోలర్లు ఎంతకు బిగించి ఉంటే అంతే. కాబట్టి పొడవును నిర్ణయించుకునే అవకాశం మిషన్ కొనేటప్పుడే ఉంటుంది, తరువాత ఉండదు.

పొడవు పెరిగితే కలిగే లాభం ఎంతో లెక్కవేసి చూద్దాం. ఇందాక 3 టన్నులన్న మిషన్‌లో 700 కిలోల వడ్లు నిండాయనుకుంటే, 160 సెంటీమీటర్ల చైన్ మీద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 257 గ్రాములకు చేరుతుంది. నేలకు ఆనే పొడవు 180 సెంటీమీటర్లయితే అది 228కి తగ్గుతుంది. పొడవును అలాగే ఉంచి వెడల్పును 45 నుంచి 50 సెంటీమీటర్లకు పెంచినా 231 వస్తుంది. అంటే 20 సెంటీమీటర్ల పొడవు చేసే మేలును దాదాపు అంతగానూ 5 సెంటీమీటర్ల వెడల్పు చేస్తుంది. ఇదంతా చూసి నవ్వుకోవలసిన సంగతి ఒకటుంది: ట్యాంకును సగానికే దించుకుంటూ పోయినా ఒత్తిడి 233కి దిగుతుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. జాలు మడిలో ట్రాక్టర్‌ను గట్టు మీద సిద్ధంగా ఉంచి, నిండకముందే వడ్లు దించమని డ్రైవర్‌కు చెప్పడం మంచి చైన్ కొన్నంత పని.

పొడవు వల్ల కలిగే అసలు ప్రయోజనం గట్లు దాటేటప్పుడు కనిపిస్తుంది. పొట్టి చైన్ మిషన్ గట్టెక్కి అవతలికి వాలేటప్పుడు కత్తి నేలలో గుచ్చుకునేంతగా ముందుకు తూగుతుంది. పొడవు చైన్ ఆ తూగును నెమ్మదిగా తీసుకుంటుంది. బురదలో మెత్తని చోటు తగిలినా, దాని వెనుకా ముందూ గట్టి నేల మీద చైన్ కొంత భాగం ఆనుకొని ఉంటుంది కాబట్టి మిషన్ ఒక పక్కకు ఒరగదు.

నష్టమంతా మలుపులో ఉంది. చైన్ మిషన్‌కు స్టీరింగ్ చక్రాలు ఉండవు, ఒక చైన్‌ను ఆపి రెండోదాన్ని తిప్పితే నేలను రాసుకుంటూ పక్కకు తిరుగుతుంది. అదే బరువుకు నేలకు ఆనే పొడవు 160 నుంచి 180కి పెరిగితే, ఆ రాపిడిని గెలిచి తిరగడానికి కావలసిన బలం 12.5 శాతం పెరుగుతుంది. ఆ భారమంతా స్టీరింగ్ క్లచ్‌ల మీద, హైడ్రాలిక్ పంపు మీద, రోలర్ల అంచుల మీద పడుతుంది, మలుపు దగ్గర మడి చదును కూడా చెడుతుంది. ఐదు గుంటల (ఎకరంలో ఎనిమిదో వంతు) మడులలో మాటిమాటికీ మలుపు తిప్పవలసిన చోట పొడవాటి చైన్ కొన్నవారు రెండేళ్లకే క్లచ్ పని చేయించుకోవడం చూశాను. నేలకు ఆనే పొడవు రెండు చైన్ల నడిమి దూరానికి ఎన్ని రెట్లు ఉందో చూసుకోవాలి. అది ఒకటిన్నర రెట్లకు మించుతుంటే తిప్పడానికి మొండికేసే మిషన్ అని నేను భావిస్తాను. వెడల్పుకు ఈ ఇబ్బంది తక్కువ, కాకపోతే రోలర్ల అవతలికి పొడుచుకు వచ్చిన అంచు రాళ్లకు, గట్టు మీది మొద్దులకు తగిలి చిరుగుతుంది. పాలమూరు వైపు గుండ్రాళ్లున్న చలకల్లో 50 సెంటీమీటర్ల చైన్ అంచులు ఒక్క సీజన్‌లోనే పీలికలవడం నేను చూసినదే.

ఈ బేరీజు వరి పొలానికే పరిమితమైనది కాదు. మంచు కొండలెక్కే స్నోమొబైళ్లకు (మంచు మీద పట్టీతో నడిచే బండ్లకు) కూడా 146, 154, 165 అంగుళాల పట్టీలు ఉంటాయి; పొడవాటిది మెత్తని మంచులో తేలుతుంది, నిటారు వాలు ఎక్కుతుంది, పొట్టిది చెట్ల మధ్య చురుగ్గా తిరుగుతుంది. గట్టిపడిన బాట మీద పరుగెత్తిస్తే, పట్టీ లోపల జారే ప్లాస్టిక్ కడ్డీలకు మంచు తడి అందక అవి వేడెక్కి అరిగిపోతాయి. మన చైన్ తారు రోడ్డెక్కినప్పుడు రబ్బరు పళ్లు అరగడం ఆ కథకు మన ఊరి రూపమే.

మొరాయించకుండా నడవాలంటే

ఇంజన్ల విషయాన్ని క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే 60 నుంచి 75 హార్స్‌పవర్ మధ్య దొరికే చైన్ మిషన్ల ఇంజన్లు, ఉదాహరణకు 68 హార్స్‌పవర్‌తో వచ్చే కుబోటా డీసీ 68జీ లాంటివాటిలో ఉన్నవి, నూనె, ఫిల్టర్లు వేళకు మారిస్తే సామాన్యంగా మోసం చేయవు. వాటిని చెడగొట్టేది దుమ్ము. యాసంగి కోతల్లో నల్లగొండ ఎండ 42 డిగ్రీలు దాటుతుంది, గడ్డి నూగు రేడియేటర్ జాలీని దుప్పటిలా కప్పేస్తుంది. రెండు గంటలకొకసారి ఆపి దాన్ని దులపని డ్రైవర్ ఇంజన్‌ను మాత్రమే కాదు, అదే గాలితో చల్లబడవలసిన హైడ్రాలిక్ ఆయిల్‌ను కూడా కాల్చేస్తాడు. ఎగ్జాస్ట్ గొట్టం మీద పేరుకున్న నూగు అంటుకొని మిషన్ తగలబడే ప్రమాదం కూడా ఉంది కనుక, నీళ్ల డ్రమ్మును గట్టు మీద ఉంచకుండా పనిలోకి దిగకూడదు.

నా అనుభవంలో మిషన్ ఆగిపోయిన రోజుల్లో సగానికి పైగా చైన్ లోపలి సామాను వల్ల ఆగినవే. రోలర్ లోపల బేరింగును బురద నుంచి కాపాడే సీలు ఒకటి ఉంటుంది. గడ్డిపోచలు ఇరుసుకు చుట్టుకొని ఆ సీలును తినేస్తాయి, నీళ్లు లోపలికి పోతాయి, గ్రీజు తెల్లబడుతుంది, వారంలో బేరింగు పోతుంది. పోయిన రోలర్ తిరగదు, చైన్ దాని మీద రాసుకుంటూ పోయి లోపలి ఇనుప కడ్డీలను అరగదీస్తుంది. అరిగిన కడ్డీలు పళ్ల చక్రాన్ని అరగదీస్తాయి. చిన్న సీలుతో మొదలైన ఖర్చు చైన్ జతతో ముగుస్తుంది. రోజూ సాయంత్రం ఇరుసులకు చుట్టుకున్న గడ్డిని కొడవలితో కోసి తీయడానికి పావుగంట చాలు.

బిగువు రెండవ విషయం. వదులైన చైన్ గట్టు మీద మలుపు తిప్పినప్పుడు ఊడుతుంది, మరీ బిగించినది రోలర్లనూ, తనలోని తీగలనూ పాడుచేస్తుంది. ఒకసారి మాకు రాత్రి తొమ్మిది గంటలకు, వాన మొదలవుతుండగా, ఎడమ చైన్ ముందు చక్రం మీది నుంచి పక్కకు జారింది. బిగువు బోల్టు వదులు చేసి, మిషన్ ఆ వైపు కింద చెక్కలు పెట్టి జాకీతో లేపి, చైన్‌కూ చక్రానికీ మధ్య గడ్డపార దూర్చి, డ్రైవర్ ఒక్కో అడుగు వెనక్కి తిప్పుతుంటే ఇద్దరం గడ్డపారను అదిమిపట్టి చైన్‌ను మళ్లీ పళ్లలోకి ఎక్కించాము. గంటన్నర పట్టింది, ఒకరి బొటనవేలు నలిగింది. ఆ ఉదయం బిగువు చూసి ఉంటే రెండు నిమిషాల పని. మిషన్‌తో ఇచ్చే పుస్తకంలో రోలర్ల మధ్య చైన్ ఎంత వేలాడాలో అంకె ఉంటుంది, దాన్ని డ్రైవర్‌కు చూపించి, కొత్త చైన్ మొదటి రోజుల్లో సాగుతుందని కూడా చెప్పి రోజూ కొలిపించాలి.

విడిభాగాల సంగతి కంపెనీ పేరు కంటే ముందు అడగాలి. రోలర్, సీలు, బెల్టు, కత్తి బ్లేడు, డ్రమ్ము పళ్లు మిర్యాలగూడలోనో, నల్లగొండలోనో, పాలమూరు వారైతే మహబూబ్‌నగర్‌లోనో అదే రోజు చేతికి దొరికే మిషన్, ఎంత గొప్పదైనా హైదరాబాద్ నుంచి మూడు రోజులకు సామాను తెప్పించుకోవలసిన మిషన్ కంటే మేలు. కోతల సీజన్ మొత్తం ముప్పై నలభై రోజులు. అందులో మూడు రోజులంటే ఎంతో ఆలోచించుకోవచ్చు. మెకానిక్ ఏ ఊళ్లో ఉంటాడో, రాత్రి ఫోన్ ఎత్తుతాడో లేదో ఆ మిషన్ ఉన్న మరో ముగ్గురు యజమానులను అడిగితే నిజం తెలుస్తుంది.

ఏ ప్రాంతానికి ఏది

సాగర్ ఎడమ కాలువ కింద, ముఖ్యంగా కాలువ కట్టను ఆనుకొని ఉన్న మడులకు, చెరువు కింది పొలాలకు, మూసీ వెంట ఉన్న పల్లపు పొలాలకు వానాకాలంలో చైన్ మిషన్ తప్పదు. అక్టోబర్, నవంబర్ నెలల్లో తుపాను వానలు పడి సాంబ మసూరి పంట నేలవాలితే, బురదా పడిపోయిన పైరూ కలిసి వస్తాయి. నెమ్మదిగా, కత్తిని నేలకు దగ్గరగా నడపగలిగే చైన్ మిషన్ తప్ప వేరే దారి లేదు. ఈ ప్రాంతంలో మడులు పెద్దవి కనుక నేలకు ఆనే పొడవు ఎక్కువ ఉన్న మిషన్‌ను నిస్సంకోచంగా ఎంచుకోవచ్చు. అదే పొలాలకు యాసంగిలో టైర్ మిషన్ చాలు, దాన్ని కిరాయికి పిలుచుకోవడమే తెలివైన పని.

ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ కింద, దేవరకొండ వైపు, ఎర్ర చలకలు తొందరగా ఆరుతాయి. బోర్ల మీద నడిచే ఐదు, పది గుంటల మడులే ఎక్కువ కాబట్టి 14 అడుగుల కత్తి అక్కడ తిరగడానికే చోటు ఉండదు. పొట్టి చైన్, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న మిషన్ అక్కడికి సరిగ్గా సరిపోతుంది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వరి పెరిగిన నాగర్‌కర్నూల్, వనపర్తి పొలాలకు, జూరాల కింది పొలాలకు ఒకే జవాబు చెప్పలేను. నల్లరేగడి ఉన్న చోట వానాకాలంలో చైన్, రాళ్ల చలకల్లో రెండు కాలాలకూ టైర్. రెండూ ఉన్న ఊళ్లో కిరాయికి తిప్పడానికే కొనేవారైతే, ఏడాదిలో ఎన్ని గంటలు జాలు మడుల్లో పని దొరుకుతుందో రాసుకున్న తరువాతే చైన్ వైపు వెళ్లాలి.

పాత మిషన్ బేరానికి వెళ్లేవారు గంటల మీటరును నమ్మవద్దు, దాన్ని మార్చడం కష్టమైన పనేమీ కాదు. చైన్ లోపలి వైపు కడ్డీల మీద రబ్బరు చెదిరి ఇనుము మెరుస్తోందా చూడాలి. పళ్ల చక్రం పళ్లు కొక్కేల్లా ఒక పక్కకు వంగి ఉంటే చైన్‌తో పాటు దాన్ని కూడా మార్చవలసి వస్తుంది. జాకీతో ఒక పక్క లేపి ప్రతి రోలర్‌నూ చేత్తో తిప్పాలి. గరగరమంటే, ఊగితే, దాని చుట్టూ నూనె చెమ్మ కనిపిస్తే ధరలోంచి తగ్గించుకోవాలి. చివరగా, ఎండిన కళ్లంలో కాకుండా తడి మడిలో, ట్యాంకు నిండా వడ్లతో, కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి పూర్తిగా తిప్పి చూపించమని అడగాలి. ఒక వైపు చటుక్కున తిరిగి మరో వైపు సాగదీస్తూ తిరిగితే ఆ వైపు క్లచ్ పని మిగిలి ఉందని లెక్క. తడి మడిలోకి దించడానికే అమ్మేవారు ఒప్పుకోకపోతే, అడ్వాన్స్ జేబులోనే ఉంచుకొని బస్సెక్కవచ్చు.